బండి వెనక మనిషి

ఆ కారులో డ్రైవరు పక్క సీటు కింద పరిచిన రబ్బరు పట్టా ఒకచోట అరిగి కన్నం పడింది. సరిగ్గా కుడికాలు ఆనే చోట. అక్కడ బ్రేకూ లేదు, క్లచ్చూ లేదు, పట్టా కింద ఉన్నది ఒట్టి రేకు. అయినా ఆ సీట్లో కూర్చునే పెద్దమనిషి ప్రతి మలుపులోనూ, ఎర్రదీపం కనబడినప్పుడల్లా, ముందుపోయే కారు కాస్త నెమ్మదించినా చాలు, పాదంతో ఆ పట్టాను తొక్కిపట్టేవాడు. స్టీరింగు ఆయన భార్య చేతిలో ఉండేది. ఆమెకి ఒక్కోసారి నవ్వొచ్చేది, ఒక్కోసారి ఒళ్ళు మండేది. మీ బ్రేకు బాగా పడుతోందా అని అడిగేది. ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చునేవాడు.

ఆయన లారీ డ్రైవరు. అలాంటిలాంటి డ్రైవరు కాదు. బొగ్గు, సిమెంటు, ఉల్లిపాయలు, గాజు పలకలు, ఏది ఎక్కిస్తే అది, ఎక్కడ దించమంటే అక్కడ ఇరవై ఏళ్ళకు పైగా దించుతూ వచ్చినవాడు. ఆ గాజు పలకల్లో ఒక్కటీ పగల్లేదని ఇప్పటికీ చెబుతాడు, అడక్కపోయినా చెబుతాడు. చుట్టాలందరికీ ఆయన పెద్దబండి. పెళ్ళిళ్ళలో పెద్దబండి వచ్చాడా అని వాకబు చేసేవారు, పిల్లలు పెద్దబండి మామయ్య అనేవారు. అలాంటి పెద్దబండి కొత్త దేశం వచ్చి, ఒక చిన్న కారులో, పక్క సీట్లో, ఒళ్ళో భార్య అన్నం డబ్బా పెట్టుకుని కూర్చోవలసి వచ్చింది. తల కొట్టేసినట్టుండదూ మరి.

వచ్చింది ఆమె ఉద్యోగం మీద. మంచం పట్టిన ముసలివాళ్ళను లేపి, స్నానం చేయించి, బుజ్జగించి తినిపించే పనిలో ఆమెది చేయి తిరిగిన పనితనం. ఇక్కడి వృద్ధాశ్రమం వాళ్ళు రమ్మని కబురు పెడితే ఆమె తటపటాయించింది గానీ ఆయనే తొందరపెట్టాడు. డ్రైవరుకి ఏ దేశమైతే ఏమిటి, ఎక్కడైనా రోడ్డు రోడ్డే కదా అన్నాడు. పిల్లలు లేరు, పొలం లేదు, కాలికి అడ్డంపడేది ఏదీ లేదు. తీరా దిగాక చూస్తే ఈ పక్కన పోవాల్సిన బండ్లన్నీ ఆ పక్కన పోతున్నాయి. ఇదేం చోద్యమని కాసేపు రోడ్డు మీదే నిలబడి చూశాడు. అయినా అది ఆయన్ని బెదరగొట్టలేదు. అసలు తంటా లైసెన్సు దగ్గర వచ్చింది.

పాత దేశం లైసెన్సు ఇక్కడ చెల్లదు, మార్పించుకోవాలి. వచ్చిన ఏడాదిలోపు మార్పించుకునేవాళ్ళకి మాత్రం ఒక వెసులుబాటు ఉంది. పాఠాలూ తరగతులూ లేకుండా ఒక్క డ్రైవింగు పరీక్షతో సరిపెడతారు. మూడుసార్లు ప్రయత్నించుకోవచ్చు. మూడూ పోతే పాత లైసెన్సు చిత్తుకాగితంతో సమానం. కొత్తగా నేర్చుకునే కుర్రకారుతో కలిసి మొదటినుంచి మొదలెట్టాలి, బండికి ఎర్ర అక్షరం తగిలించుకుని, పక్కన లైసెన్సున్న మనిషిని కూర్చోబెట్టుకుని. ఆ పక్కన కూర్చునేది ఎవరో ఆయనకి వేరే చెప్పక్కర్లేదు. ఆమె ఇక్కడికొచ్చాకే స్టీరింగు పట్టింది, డ్రైవింగు స్కూల్లో నేర్చుకుంది, మొదటిసారికే పాసయింది.

దానికి తోడు ఇంకో సంగతి. ఆశ్రమంలో ఒక వ్యాను ఉంది. ముసలివాళ్ళను ఆస్పత్రికి, కళ్ళ డాక్టరు దగ్గరికి, ఎండ బాగా కాసిన రోజున పార్కుకి తిప్పే వ్యాను. దాని డ్రైవరు ఈ నెలాఖరుకి పని మానేస్తున్నాడు. ఈలోగా మీ ఆయన చేతిలో ఇక్కడి లైసెన్సు ఉంటే వ్యాను ఆయనదే, లేకపోతే బయటివాళ్ళను చూసుకుంటానని మేనేజరమ్మ చెప్పింది. ఆ మాట చెవినపడ్డప్పటినుంచీ పెద్దబండికి ఒకచోట కాలు నిలవలేదు.

పొద్దున భార్య వెంట కారెక్కి ఆశ్రమం దాకా వెళ్ళి, గేటు దగ్గర ఆ వ్యానును ఒకసారి కళ్ళారా చూసుకుని, అక్కడినుంచి ఇంటికి నడిచి వచ్చేవాడు. పని లేక కాదు, ఇంట్లో కూర్చోలేక. ఇంటికొచ్చి టీ పెట్టుకునేవాడు, తాగడం మరిచిపోయి మళ్ళీ పెట్టుకునేవాడు. సోఫాను ఈ గోడ నుంచి ఆ గోడకి జరిపేవాడు. సాయంత్రం భార్య వచ్చేసరికి అది మళ్ళీ మొదటి గోడకే వచ్చి ఉండేది. వాళ్ళ వంటింటి కిటికీలోంచి చూస్తే వెనక సందు కనబడుతుంది. ఆ సందులోకి చెత్త లారీ కీచుకీచుమంటూ వెనక్కి వచ్చేది, వెనక ఒక్క మనిషి ఉండేవాడు కాదు. పెద్దబండి గుండె చేత్తో పట్టుకుని చూసేవాడు. ఎవడిమీదికి ఎక్కిస్తాడో ఏమో అని పైఅంతస్తునుంచి కిటికీ అద్దం మీద దబదబా కొట్టేవాడు. కింద లారీవాడికి అది వినబడేది కాదు.

మొదటి పరీక్ష రోజున ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, మీసం దువ్వుకుని, పెళ్ళిచూపులకి వెళ్ళినట్టు వెళ్ళాడు. పరీక్ష పెట్టే అధికారిణి పొడుగ్గా, సన్నగా, నవ్వని మనిషి. మోకాలి మీద అట్ట, అట్ట మీద కాగితం పెట్టుకుని పక్కన కూర్చుంది. రోడ్డు మీద పెద్దబండి ఆవిడకి వంక పెట్టే సందు ఇవ్వలేదు. దీపం దగ్గర ఆగాడు, గీత దగ్గర ఆగాడు, చేతికర్రతో రోడ్డు దాటుతున్న ముసలాయన కోసం ఆగాడు. అంతా అయ్యాక ఆఫీసు వెనక ఆవరణలోకి తీసుకొచ్చి, రెండు తెల్లగీతల మధ్య కారును వెనక్కి పెట్టమంది.

ఆయన రివర్సు గేరు వేశాడు. కిటికీ అద్దం దించి, తల బయటపెట్టి, చెవి వెనక్కి పెట్టి ఆగాడు. ఏదో చూసుకుంటున్నాడు కాబోలని ఆవిడా ఆగింది. ఎంతసేపటికీ ఆయన కదలడు, ఆవిడ పలకదు. వెనకనుంచి ఏ కేకా రాకపోయేసరికి ఆయనకి కంగారు పుట్టింది. వచ్చీరాని ఇక్కడి భాషలో, ఎంతో మర్యాదగా, అమ్మా మీరు కాస్త దిగి వెనక నిలబడి రమ్మంటూ ఉంటే నేను పెట్టేస్తాను అన్నాడు.

పరీక్షలు పెట్టడం మొదలెట్టాక ఆవిణ్ణి కారు దిగమన్న మొదటి మనిషి బహుశా ఆయనే. ఆవిడ ఆయన ముఖంలోకి ఒకసారి చూసి, కాగితం మీద ఈ చివరినుంచి ఆ చివరికి గీత గీసింది.

నవ్వేవాళ్ళు నవ్వొచ్చు. లారీ ఎక్కినవాళ్ళు మాత్రం నవ్వరు. నిండా సరుకున్న లారీలో వెనక ఏముందో డ్రైవరుకి కనబడదు. బండిని ముందుకి నడిపేది డ్రైవరైతే వెనక్కి నడిపేది క్లీనరే. ఆయన క్లీనరు ఎవరో కాదు, స్వయానా బావమరిది, భార్యకి తమ్ముడు. చదువు అబ్బక, ఇంకెక్కడా ఇమడక బావ బండెక్కినవాడు నడివయసు వచ్చినా దిగలేదు. అందరూ వాణ్ణి రైట్‌రైట్ అనేవారు. బండి వెనక్కి పెట్టాలంటే వాడు కిందికి దూకి, వెనక్కి పోయి, రానీ, రానీ, ఎడమకొట్టు, రానీ అని సాగదీసి అరుస్తూ, బండి ఒంటిమీద అరచేత్తో చరిచేవాడు. రెండు చరుపులంటే రమ్మని. ఒక్క చరుపంటే ఆగమని, దాంతోపాటు హోల్డాన్ అని ఒక కేక. ఆ కేక వింటే బావ కాలు దానంతటదే బ్రేకు మీద పడేది.

ఒకసారి మార్కెట్టు యార్డులో ఉల్లిపాయల లోడుతో వెనక్కి వస్తుంటే వాడి కేక ఎప్పటిలా కాకుండా గొంతు చీలేలా వచ్చింది. దిగి చూస్తే వెనక చక్రానికి జానెడు దూరంలో గోనెసంచి కప్పుకుని ఒక హమాలీ నిద్రపోతున్నాడు. లేపితే లేచి, నిద్ర పాడుచేశారని విసుక్కుని, సంచి భుజాన వేసుకుని ఇంకో నీడ వెతుక్కుంటూ పోయాడు. బావాబావమరుదులిద్దరికీ ఆ రోజు అన్నం సయించలేదు. ఆ తర్వాత వాడి చరుపు వినకుండా పెద్దబండి బండిని బెత్తెడు కూడా వెనక్కి తీయలేదు. ఖాళీ మైదానంలోనైనా అంతే.

రెండోసారి మాత్రం నోరు మూసుకుని అద్దాల్లో చూసుకుంటూ పెట్టేయాలని గట్టిగా అనుకుని వెళ్ళాడు. మళ్ళీ అదే అధికారిణి. మళ్ళీ అవే గీతలు. జానెడు కదిలాడో లేదో, చక్రం వెనక ఎవరో పడుకున్నట్టే అనిపించింది. అద్దంలో ఖాళీగానే ఉంది. కానీ అద్దం చూపించేది ఎంతని? ఇంకో జానెడు కదిలాడు. ఇక ఉండబట్టలేక తలుపు తీసుకుని దిగి, వెనక్కి పోయి, వంగి చక్రాల కింద చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని వచ్చి కూర్చున్నాడు. అప్పటిదాకా ఇంజను ఆడుతూనే ఉంది, అధికారిణి లోపలే ఉంది. ఆడుతున్న బండిని వదిలి దిగడం కంటే ఘోరమైన తప్పు ఇక్కడి పుస్తకంలో లేదట. మొదటిసారి ఆవిణ్ణి దిగమన్నందుకు, రెండోసారి తను దిగినందుకు పోయింది.

ఇక మిగిలింది ఒక్కటి. నెలాఖరు ఎంతో దూరం లేదు.

అప్పట్నించీ ఆయనతో వేగడం భార్యకి కత్తిమీద సాము అయింది. అన్నం ముందు కూర్చుని మధ్యలో లేచి కిటికీ దగ్గరికి పోయేవాడు. కూర్చుంటే మోకాలు ఆడేది, పడుకుంటే పాదం ఆడేది. దానికి సాయం రోజూ సాయంత్రం బావమరిది ఫోను. పలకరింపు కూడా లేకుండా, బండెక్కావా బావా అని అదే ప్రశ్న. ఆయనకి అరికాలి మంట నెత్తికెక్కేది. పరీక్ష పోయిన కారణం వాడితో చెప్పలేదు, చెప్పడానికి నామోషీ. కాగితాలేవో రావాలిరా అని దాటేసేవాడు. నీ సంగతేమిటని మాటవరసకి అడిగితే, నాకేం బావా, కొత్త డ్రైవరు మంచోడే, బండి బాగానే తిరుగుతోంది అనేవాడు వాడు. వాడికి ఎక్కడానికి బండి ఉంది, తనకి లేదు అనుకుంటూ ఆయన ఫోను పెట్టేసేవాడు. అలా అనుకున్నందుకు తర్వాత తన మీద తనకే రోత పుట్టేది గానీ, మర్నాడు మళ్ళీ అలాగే పెట్టేసేవాడు.

పరీక్షకి ముందు వచ్చిన సెలవురోజున భార్య ఆయన్ని కారెక్కించుకుని, మూసి ఉన్న ఒక ఫర్నిచరు కొట్టు ముందరి పార్కింగులోకి తీసుకెళ్ళింది. సీటు మారి స్టీరింగు ఆయనకిచ్చి, దిగి వెనక నిలబడింది. రానీ, రానీ అంది. గొంతు ఆమెదే గానీ ఆ సాగదీత అచ్చం తమ్ముడిదే. కారు ఒరలో కత్తి దూరినట్టు గీతల మధ్యకి దూరింది. ఇంకోసారి పెట్టాడు, ఇంకోసారీ అంతే. పెద్దబండి ముఖం చాలా రోజుల తర్వాత విప్పారింది. చూశావా అన్నట్టు కిటికీలోంచి తల బయటపెట్టాడు.

ఆమె కిటికీ దగ్గరికి వచ్చి, బాగానే ఉంది, రేపు నన్నక్కడ నిలబడనిస్తారా అని అడిగి, సమాధానం కోసం చూడకుండా నడుచుకుంటూ పోయింది. సామాన్ల తోపుడుబండ్లు వరసగా కట్టేసిన చోట గట్టు మీద, ఆయన వైపు వీపు పెట్టి కూర్చుంది. ఇప్పుడు పెట్టండి అంది.

ఆయన రివర్సు వేశాడు, తీశాడు, మళ్ళీ వేశాడు. అంత పెద్ద ఖాళీ స్థలంలో పిల్లి కూడా లేదని తెలుసు. తెలిసినా కాలు రాదు. నువ్వలా పోయి కూర్చుంటే ఎలాగ, వచ్చి నిలబడు అని అరిచాడు. ఆమె రాలేదు. ఆయన కోపం పట్టలేక కారు దిగి ఆమె దగ్గరికే వెళ్ళాడు. ఆమె చీరకొంగు వేలికి చుట్టుకుంటూ, తలెత్తకుండా మాట్లాడింది.

"తమ్ముణ్ణి బండి దింపేశారండీ. మీతో చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు."

ఆయనకి ముందు అర్థం కాలేదు. "ఎప్పుడు?"

"మీ మొదటి పరీక్షకి ముందే. లారీ వెనక కెమెరా పెట్టారట. డ్రైవరు ముందర టీవీలా కనబడుతుందట. ఇంక వెనక మనిషి దేనికని యజమాని అన్నాడట."

పెద్దబండి తిరిగొచ్చి కారులో కూర్చున్నాడు. తలుపు వేసుకోవడం కూడా మరిచిపోయాడు. బండెక్కావా బావా అని ఇన్ని సాయంత్రాలు అడిగినవాడు తను బండి దిగిపోయి అడుగుతున్నాడు. ఒక్క బండైనా కదలాలని అడుగుతున్నాడు. తనేమో విసుక్కుని ఫోను పెట్టేస్తున్నాడు. ఆయనకి సిగ్గేసింది. ఆ సిగ్గు మీద ఏడుపు కూడా వచ్చింది. వాడు ఎదురుగా ఉంటే బాగుండుననిపించింది. వాడు బండి దిగితే ఏం చేస్తాడు, వాడికి వచ్చిన విద్య ఒక్కటే కదా, వెనక నిలబడి చూడటం.

చూడటం. అంతే కదా వాడు చేసింది. ముందు ఖాళీ అంతా ఒకసారి కలయతిరిగేవాడు. ఆపైన ఈ పక్కకి పరుగెత్తి చూసి రానీ అనేవాడు, ఆ పక్కకి పరుగెత్తి చూసి రానీ అనేవాడు. చూడకుండా ఒక్క రానీ కూడా వాడి నోట్లోంచి రాలేదు.

ఆయన తలుపు వేసుకుని, ఖాళీ పక్కనుంచి కారును మెల్లగా పోనిస్తూ, తల తిప్పి ఆ మూలనుంచి ఈ మూలదాకా చూశాడు. తర్వాత రివర్సు వేసి, చేయి కిటికీ బయటపెట్టి, తలుపు మీద రెండుసార్లు చరిచాడు. ఎడమ అద్దం చూసి రానీ అన్నాడు. కుడి అద్దం చూసి రానీ అన్నాడు. వెనక్కి తిరిగి చూసి ఎడమకొట్టు అన్నాడు. మొదటి మాటలు ఆయనకే వినబడలేదు. తర్వాత్తర్వాత వాడిలాగే సాగదీశాడు. కారు కదిలింది. గట్టు మీద కూర్చున్న ఆమె ఆ సాగదీత విని ఉలిక్కిపడి వెనక్కి తిరిగేసరికి, హోల్డాన్ అని కేక, తలుపు మీద ఒక్క చరుపు, కారు ఆగిపోయింది. కాస్త వంకరగానే ఆగింది. చీకటి పడేదాకా అక్కడే తిరిగాడు, వంకర తీరేదాకా.

మూడోసారి పరీక్షకి ఇస్త్రీ చొక్కా లేదు, మీసం దువ్వలేదు. అధికారిణి కూడా ఈసారి అట్టను కాస్త దగ్గరగా పట్టుకుని కూర్చుంది. రోడ్డు మీద అంతా సవ్యంగా జరిగింది. ఆవరణలోకి వచ్చాక ఆయన గీతల పక్కనుంచి మెల్లగా పోతూ తల తిప్పి ఖాళీ అంతా చూశాడు. రివర్సు వేశాడు. కిటికీ అద్దం దించాడు. మళ్ళీ దిగమంటాడని కాబోలు ఆవిడ సీటు బెల్టు పట్టుకుంది. ఆయన దిగమనలేదు. చేయి బయటపెట్టి తలుపు మీద రెండు చరిచాడు. ఆవిడ ఎగిరిపడింది. ఆపైన ఆయన తెలుగులో, పైకి, ఏ మొహమాటమూ లేకుండా రానీ, రానీ అంటూ ఈ అద్దంలోకీ ఆ అద్దంలోకీ చూసుకుంటూ వచ్చి, హోల్డాన్ అని ఒక్కటి చరిచి, ఆపాడు.

అప్పుడు ఎవరూ అడక్కుండానే అధికారిణి కారు దిగింది. వెనక్కి పోయి, గీతలకీ చక్రాలకీ మధ్య దూరం ఈ పక్కా ఆ పక్కా చూసి, వచ్చి కూర్చుంది. ఇంతసేపూ ఎవరితో మాట్లాడుతున్నారని అడిగింది. క్లీనరు అనడానికి ఇక్కడి భాషలో ఏమంటారో ఆయనకి తెలియదు. మా ఆవిడ తమ్ముడితో అన్నాడు. ఆవిడ ఒకసారి వెనక సీటులోకి చూసి, కాగితం మీద ఏదో రాసి, సంతకం పెట్టింది. ఈసారి గీత గీయలేదు.

కౌంటరులో గుమాస్తా పాత లైసెన్సు అడిగి తీసుకున్నాడు. కొత్తది ఇస్తే పాతది వాళ్ళే ఉంచుకుంటారట. దానికి చిల్లు పొడిచే ముందు ఆయన ఒక్కసారి చూసి ఇస్తానని చేయి చాచాడు. ఫొటోలో మీసం నల్లగా ఉంది. ఒంటిమీది చొక్కా బావమరిదిది. ఆ రోజు తన చొక్కాకి గ్రీజు అంటితే, వాడు తన చొక్కా విప్పి ఇచ్చి, ఫొటో స్టూడియో బయట బనీనుతో నిలబడ్డాడు. ఆయన లైసెన్సు తిరిగిచ్చేశాడు. గుమాస్తా చిల్లు పొడిచి పెట్టెలో పడేశాడు.

బయటికి వచ్చి మెట్ల మీద నిలబడి, ఈసారి ఆయనే ఫోను చేశాడు. వచ్చేసిందిరా అన్నాడు. నాకు తెలుసు బావా అని వాడు సంతోషపడ్డాడు. అక్క ఏమందని అడిగాడు, ఎప్పట్నించి వ్యానెక్కుతావని అడిగాడు. తర్వాత మామూలుగా అడిగినట్టే అడిగాడు.

"వెనక ఎవరు నిలబడ్డారు బావా?"

పెద్దబండి ఫోను ఈ చెవినుంచి ఆ చెవికి మార్చుకున్నాడు. ఎవరూ లేరంటే, లారీ యజమాని అన్న మాటే తనూ అన్నట్టవుతుంది. ఎవరో ఉన్నారని అబద్ధం చెప్పడానికి వాడి దగ్గర నోరు రాదు.

"ఎవరూ లేరురా," అన్నాడు. "అందుకే రెండుసార్లు పోయింది."

ఆయన మళ్ళీ అన్నాడు. "మూడోసారి నీ మాటలన్నీ నేనే పైకి అనుకుంటూ పెట్టాను."

వాడు ముక్కు ఎగబీల్చాడు. "హోల్డాన్ వేళకి అన్నావా? నువ్వెప్పుడూ కాస్త ఆలస్యంగా ఆపుతావు బావా."

"మరి సరిగ్గా ఎప్పుడనాలో చెప్పు."

వాడు మొదలుపెట్టాడు. చక్రం గీతకి ఎంత దూరంలో ఉండగా అనాలో, వర్షం పడుతుంటే ఎంత ముందు అనాలో, ఎత్తు మీద ఎలా, పల్లంలో ఎలా. కింద రోడ్డు పక్కన కారు ఆపి, దిగి, డ్రైవరు తలుపు తెరిచి పట్టుకుని భార్య తాళాలు చూపిస్తూ రమ్మంటోంది. పెద్దబండి ఆమెకి ఆగమన్నట్టు చేయెత్తి, మెట్టు మీద కూర్చుని, ఫోను చెవికి ఇంకాస్త దగ్గరగా పెట్టుకున్నాడు.